మాగ్డెబర్గ్‌కే రెండుసార్లు: చదువుకునే ఊరిని ఎంచుకోవడంపై ఒక కేస్ స్టడీ

విదేశాల్లో చదువుకోవాలనుకునే పిల్లలకు సలహాలివ్వడం నా వృత్తి. ఒకే అమ్మాయికి ఒకే ఊరిని, జర్మనీలోని మాగ్డెబర్గ్‌ను, నేను రెండుసార్లు సూచించాను. మొదటిసారి చెప్పిన కారణం తప్పు. రెండోసారి చెప్పిన కారణం ఇప్పటివరకు నిలబడింది. ఈ రెంటి మధ్య ఏడాది గడిచిపోయింది, ఆ కుటుంబం మీద దాదాపు రెండు లక్షల అదనపు భారం పడింది. ఊరు మారనప్పుడు కారణం ఏదైతే ఏమిటని మీరు అడగొచ్చు. ఈ కేసంతా ఆ ప్రశ్నకు జవాబే.

అమ్మాయి, వాళ్ళ నాన్నగారు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేర్లు, సొంతూరు, కాలేజీ తీసేశాను. గుర్తుపట్టేలా ఉన్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

నేపథ్యం

వాళ్ళది గోదావరి జిల్లాల్లో ఒక చిన్న పట్టణం. నాన్నగారికి చిన్న దుకాణం ఉంది, అమ్మ ఇంటి దగ్గరే కుట్టుపని చేస్తారు, తమ్ముడు ఇంటర్. అమ్మాయి ఈసీఈలో మంచి మార్కులతో బీటెక్ చేసి, హైదరాబాద్‌లో ఏడాదిన్నరగా చిప్ వెరిఫికేషన్ (చిప్ డిజైన్ సరిగా పనిచేస్తుందో లేదో పరీక్షించే) ఉద్యోగంలో ఉంది. జర్మన్ భాషలో ఏ1 (ఏ1, ఏ2, బీ1 అని పెరిగే స్థాయిల్లో మొదటిది) అయిపోయింది. ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకు 18 లక్షల వరకు ఇస్తానంది. అంతకుమించి ఒక్క రూపాయి కూడా లేదని నాన్నగారు మొదటి రోజే చెప్పేశారు. అలా చెప్పే తల్లిదండ్రులంటే నాకు గౌరవం. చాలా కుటుంబాల్లో ఈ మాట వీసా దగ్గరికి వచ్చాకే బయటపడుతుంది.

జర్మనీ అని వాళ్ళు ముందే అనుకుని వచ్చారు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు ఉండదు, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల అనుమతి ఇస్తారు. నాకూ ఆ నిర్ణయం సరైనదే అనిపించింది. ఒక విషయం ఇక్కడే చెప్పాలి. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల నుంచి మాలాంటి సలహాదారులకు కమిషన్ రాదు. నా ఫీజు కుటుంబమే ఇస్తుంది. కాబట్టి ఈ కేసులో నేను చేసిన తప్పుకు డబ్బు ఆశ కారణం కాదు, నా ఆలోచనే కారణం.

వాళ్ళు తెచ్చిన సమస్య

2024 జూన్ నాటికి అమ్మాయి చేతిలో మూడు అడ్మిషన్లు ఉన్నాయి: మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ, మాగ్డెబర్గ్‌లోని ఒట్టో ఫాన్ గెరికె యూనివర్సిటీ, ఇల్మెనౌ టెక్నికల్ యూనివర్సిటీ. ముగ్గురూ నా ఎదురుగా కూర్చుని ఒకటే ప్రశ్న అడిగారు. "ఈ మూడింట్లో ఏ ఊరు మంచిది మేడమ్?"

అది ఒక ప్రశ్న అనుకోవడమే నా మొదటి పొరపాటు. నాన్నగారు "మంచి" అన్నది ఆడపిల్ల రాత్రిపూట క్షేమంగా గదికి చేరే ఊరు గురించి. అమ్మ అడిగింది మనవాళ్ళు ఉన్న ఊరు గురించి. మ్యూనిక్‌లో అమ్మాయికి మేనమామ కొడుకు ఉన్నాడు, "బావ చూసుకుంటాడు" అని ఆవిడ నాలుగైదుసార్లన్నా అన్నారు. అమ్మాయి మాత్రం తన లైన్‌లో ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందని అడిగింది. ఆమె మనసులో ఇంకో ప్రశ్న ఉంది. అది అప్పుడు పైకి రాలేదు, నేనూ తవ్వలేదు.

మొదటి ప్రయత్నం

మ్యూనిక్ సంగతి డబ్బు దగ్గరే తేలిపోయింది. ఆ యూనివర్సిటీ 2024–25 శీతాకాల సెమిస్టర్ నుంచి యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి కొత్తగా చేరే విద్యార్థులకు ఫీజు పెట్టింది. మాస్టర్స్‌కు సెమిస్టర్‌కి 4000 నుంచి 6000 యూరోలు. తక్కువలో తక్కువ లెక్కేసినా నాలుగు సెమిస్టర్లకు 16,000 యూరోలు, అప్పటి రేటులో 14 లక్షల పైమాట. దాని మీద వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే మొత్తం వేసి, నెలకింత చొప్పున తీసుకునే ఖాతా) వేయాల్సిన 11,208 యూరోలు, అంటే ఇంకో పది లక్షలు. పైగా జర్మనీలో అద్దెలు అన్నిటికంటే ఎక్కువగా ఉండే ఊరు అది.

బావ ఫోన్‌లో ఒక మాటన్నాడు. "పార్ట్‌టైమ్ చేసుకుంటే అంతా వచ్చేస్తుంది అత్తా." కాగితం మీద అది నిజమే అనిపిస్తుంది. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేయొచ్చు. అప్పటి కనీస వేతనం గంటకు 12.41 యూరోలు. అన్ని రోజులూ వాడుకుంటే ఏడాదికి దాదాపు 13,900 యూరోలు. అయితే ఆ లెక్కలో మొదటి నెల నుంచే పని దొరకాలి, పరీక్షల్లో ఒక్కరోజూ మానకూడదు, జబ్బు చేయకూడదు. నేను చూసిన పిల్లల్లో ఎక్కువ మందికి మొదటి సెమిస్టర్ సంపాదన సున్నా. ఫీజు మినహాయింపు స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి, కానీ వస్తాయన్న ఆశ మీద ఇల్లు తాకట్టు పెట్టమని నేను చెప్పలేను. డబ్బున్న కుటుంబమైతే మాత్రం మ్యూనిక్‌కే పంపేదాన్ని. ఆ యూనివర్సిటీ పేరుకు విలువ ఉంది, దాన్ని తగ్గించి మాట్లాడను.

మిగిలింది మాగ్డెబర్గ్, ఇల్మెనౌ. ఇక్కడ నేను ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న పట్టిక బయటికి తీశాను. అద్దె, యూనివర్సిటీ స్థాయి, ఊళ్ళో పరిశ్రమలు, వాతావరణం, భద్రత. ఒక్కోదానికి ఇన్ని మార్కులని వేసి కూడడం. తల్లిదండ్రులకు పట్టిక నచ్చుతుంది, అంకె చూస్తే ధైర్యం వస్తుంది. పరిశ్రమలకు నేను నూటికి ముప్పై మార్కులు పెట్టాను, ఎందుకంటే అమ్మాయి పైకి అడిగింది దాని గురించే.

ఇంటెల్ కంపెనీ మాగ్డెబర్గ్‌లో భారీ చిప్ ఫ్యాక్టరీ కడతామని 2022 మార్చిలో ప్రకటించింది. 2023 నాటికి 30 బిలియన్ యూరోల పెట్టుబడి, అందులో దాదాపు పది బిలియన్లు జర్మనీ ప్రభుత్వ సాయం, ఫ్యాక్టరీలోనే మూడు వేల ఉద్యోగాలు అన్నారు. చిప్ వెరిఫికేషన్ చేస్తున్న అమ్మాయికి ఇంతకంటే ఏం కావాలి? ముప్పైకి ఇరవై ఎనిమిది వేశాను. ఇల్మెనౌకి పన్నెండు వేశాను. మాగ్డెబర్గ్ తేలిగ్గా గెలిచింది.

అప్పటికి అక్కడ నిర్మాణం మొదలే కాలేదు. అది నాకు తెలుసు. తెలిసి కూడా, అమ్మాయి చదువు పూర్తయ్యే 2026 నాటికి పని మొదలవుతుందిలే అనుకున్నాను. కంపెనీ వేసుకున్న తేదీల మీద నేను ఒక ఇంటి తాకట్టును నిలబెట్టాను.

ఎక్కడ బెడిసింది

రెండు చోట్ల. మొదటిది వీసా. ఆ ఏడాది అపాయింట్‌మెంట్లకు విపరీతమైన రద్దీ. ఆమెకు తేదీ దొరికేసరికి అక్టోబర్‌లో క్లాసులు మొదలైపోయాయి, అడ్మిషన్ చేజారింది. హైదరాబాద్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఉంటే ఇంకా ఘోరమయ్యేది. వీసా స్టాంప్ పడేదాకా రాజీనామా వద్దని నేను చెప్పిన ఒక్క మాట ఆ రోజు పనికొచ్చింది.

రెండోది ఇంటెల్. 2024 సెప్టెంబర్ 16న ఆ కంపెనీ మాగ్డెబర్గ్ ప్రాజెక్టును సుమారు రెండేళ్ళు వాయిదా వేస్తున్నట్టు చెప్పింది. 2025 జూలైలో పూర్తిగా మానేస్తున్నట్టు ప్రకటించింది. వాయిదా వార్త వచ్చిన రోజు సాయంత్రమే అమ్మాయి నాకు మెసేజ్ పెట్టింది. "మేడమ్, మన ముప్పై మార్కులు పోయాయి." కోపంగా అనలేదు. అది చదివి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. వీసా సమయానికి వచ్చి ఉంటే, ఈ వార్తను ఆమె విమానం టికెట్ కొనుక్కున్నాక చదివేది.

ఆలస్యం ఖరీదు కూడా రాయాలి. బ్లాక్డ్ అకౌంట్ మొత్తం 2024 సెప్టెంబర్ నుంచి 11,904 యూరోలకు పెరిగింది. 2025 వేసవికల్లా యూరో తొంభై రూపాయల నుంచి వంద దగ్గరికి చేరింది. ముందు పది లక్షలతో అయిపోయేది పదకొండు లక్షల తొంభై వేలయింది.

ఆ డిసెంబర్‌లో ఇంకో దెబ్బ. 2024 డిసెంబర్ 20న మాగ్డెబర్గ్ క్రిస్మస్ మార్కెట్‌లో ఒకడు జనం మీదికి కారు నడిపాడు. మనుషులు చనిపోయారు, గాయపడ్డవారిలో భారతీయులూ ఉన్నారు. ఆ తర్వాత ఆ ఊళ్ళో వలస వచ్చినవాళ్ళ మీద దాడులు జరిగాయన్న వార్తలూ వచ్చాయి. నాన్నగారు ఫోన్ చేసి, "దేవుడే ఆపాడమ్మా మా పిల్లని" అన్నారు. నేను వాదించలేదు. ఆ క్షణంలో వాదించడం తప్పు.

రెండో ప్రయత్నం: పట్టిక పక్కన పెట్టాక

2025 జనవరిలో మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి అమ్మాయిని ఒంటరిగా రమ్మన్నాను. ఇది ముందే చేయాల్సిన పని. అమ్మానాన్నల ఎదుట పిల్లలు డబ్బు, ఉద్యోగం, చదువు గురించి మాట్లాడతారు. భయం గురించి మాట్లాడరు.

గంటన్నర మాట్లాడితే రెండు విషయాలు తెలిశాయి. బీటెక్ మొదటి ఏడాది హాస్టల్లో ఆమె సరిగా తినేది కాదు, ఎవరితోనూ కలిసేది కాదు, ఆరు కిలోలు తగ్గింది. ఇంట్లో "హాస్టల్ తిండి పడలేదు" అని చెప్పింది. రెండో ఏడాది ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి గది తీసుకుని వండుకోవడం మొదలెట్టాక తేరుకుంది. హైదరాబాద్‌లో కూడా ఒంటరి పీజీ గదిలో ఉన్న మూడు నెలలూ అలాగే గడిచాయట. ఇక రెండో విషయం, బావ ఉన్న ఊరికి వెళ్ళడం ఆమెకు మొదటి నుంచీ ఇష్టం లేదు. "నేను ఏ టైంకి గదికి వచ్చానో అమ్మమ్మకి తెలిసిపోతుంది మేడమ్. పెళ్ళి మాట కూడా వస్తుంది." అమ్మ దృష్టిలో మ్యూనిక్‌కు ఉన్న పెద్ద బలం కూతురి దృష్టిలో పెద్ద బరువు. నా పట్టికలో ఈ రెండింటికీ గడే లేదు.

అక్కడి నుంచి నా పద్ధతి మార్చాను. మార్కులు వేయడం మానేసి, ముందు రెండు గోడలు పెట్టాను. ఈ రెండూ దాటని ఊరిని ఇక లెక్కలోకి తీసుకోం.

మొదటి గోడ డబ్బు. పార్ట్‌టైమ్ సంపాదన సున్నా అనుకుని, బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు వచ్చే 992 యూరోలతో మొదటి ఏడాది గడుస్తుందా? రెండో గోడ గది. అక్టోబర్ మొదటి వారానికి, అడ్రస్ రిజిస్ట్రేషన్‌కు యజమాని కాగితం ఇచ్చే గది దొరికే అవకాశం ఎంత? జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లో మున్సిపల్ ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకోవాలి. మనవాళ్ళు దాన్ని అన్మెల్డుంగ్ అనే అంటారు. ఇంటి యజమాని సంతకం పెట్టిన కాగితం లేకపోతే ఆ నమోదు జరగదు, రెసిడెన్స్ పర్మిట్ దగ్గర చిక్కులు మొదలవుతాయి.

ఈసారి నాలుగు చోట్ల అప్లై చేసింది. డ్రెస్డెన్ టెక్నికల్ యూనివర్సిటీ రాలేదు. మాకు అదే పెద్ద బాధ. ఇన్ఫినియన్, గ్లోబల్‌ఫౌండ్రీస్, బాష్ చిప్ ఫ్యాక్టరీలు నిజంగా నడుస్తున్న ఊరు అది. తైవాన్ టీఎస్ఎంసీ భాగస్వామ్యంలో ఇంకోటి 2024 ఆగస్టులో శంకుస్థాపన జరిగి కడుతున్నారు. స్టుట్‌గార్ట్, మాగ్డెబర్గ్, ఇల్మెనౌ వచ్చాయి.

స్టుట్‌గార్ట్ బలమైన పోటీ. చుట్టూ పెద్ద కంపెనీలు, అమ్మాయి లైన్‌కు దగ్గర పనులు. అయితే ఆ రాష్ట్రంలో 2017 నుంచి మన విద్యార్థులకు సెమిస్టర్‌కి 1500 యూరోల ఫీజు ఉంది. అక్కడ చదువుతున్నవాళ్ళను అడిగి వేసిన లెక్క ఇది: గదికి 550, ఫీజు నెలకు పంచితే 250, ఆరోగ్య బీమా 140 చుట్టూ, తిండికి 220, మిగతా చిల్లర ఖర్చులు 80. మొత్తం 1240. చేతికొచ్చేది 992. మొదటి నెల నుంచే 250 యూరోలు తక్కువ. చేరగానే పని వెతుక్కోవాల్సిన పరిస్థితి. అదీ ఏ2 జర్మన్‌తో, ఒంటరితనానికి లొంగే స్వభావంతో. జర్మన్ బాగా వచ్చి, అప్పు భారం తక్కువున్న ఇంకో విద్యార్థి వచ్చి ఉంటే స్టుట్‌గార్టే వెళ్ళమనేదాన్ని. ఈ అమ్మాయికి గోడ దగ్గరే ఆగిపోయింది.

మాగ్డెబర్గ్‌లో అదే లెక్క: యూనివర్సిటీ హాస్టల్ గది 300 చుట్టూ, బీమా 140, తిండి 200, సెమిస్టర్ రుసుము, ఫోన్, మిగతావి కలిపి 110. మొత్తం 750. నెలకు రెండు వందల పైచిలుకు మిగులు. ఇల్మెనౌ కూడా దాదాపు ఇంతే.

నవంబర్ మంగళవారం

గోడలు దాటిన రెండు ఊళ్ళ మధ్య తేల్చడానికి నేను ఇంతకుముందు వాడని పద్ధతి ఒకటి వాడాను. ఒక్కో ఊళ్ళో చదువుతున్న ముగ్గురిని వెతికి పెట్టాను. అందులో కనీసం ఇద్దరు అమ్మాయిలు, ఒకరన్నా తెలుగు కానివారు. ఫోన్ చేయాల్సింది అమ్మాయే, నేను కాదు. "ఊరు ఎలా ఉంది?" అని అడగకూడదని ముందే చెప్పాను. ఆ ప్రశ్నకు అందరూ "బాగుంది" అంటారు. తమ నిర్ణయం తప్పని ఫోన్‌లో ఎవరు ఒప్పుకుంటారు?

అడగాల్సింది ఒక్కటే: పోయిన నవంబర్‌లో ఒక మామూలు మంగళవారం ఎలా గడిచింది? ఎన్నింటికి లేచావు, క్లాసుకు ఎలా వెళ్ళావు, మధ్యాహ్నం ఏం తిన్నావు, ఎంతయింది, చీకటి పడేసరికి ఎక్కడున్నావు, గదికి ఎవరితో వచ్చావు, ఫోన్‌లో కాకుండా ఎదురుగా ఎంతమందితో మాట్లాడావు. నవంబర్ ఎందుకంటే అప్పటికి కొత్త ఊరి సరదా తీరిపోతుంది, నాలుగు దాటితే చీకటి పడుతుంది. మంగళవారం ఎందుకంటే ఆ రోజుకు ఏ ప్రత్యేకతా ఉండదు.

ఇల్మెనౌ నలభై వేల లోపు జనాభా ఉన్న ఊరు. చదువు చాలా బాగుంటుందని ముగ్గురూ చెప్పారు. ఒకమ్మాయి నిజాయితీగా ఇంకోటి చెప్పింది. శుక్రవారం సాయంత్రం జర్మన్ విద్యార్థులంతా ఇళ్ళకు వెళ్ళిపోతారు, ఆదివారం షాపులు ఎలాగూ మూసే ఉంటాయి, ఆ రెండు రోజులూ తాను గది దాటలేదని. మా అమ్మాయి నాకు ఫోన్ చేసి, "నా ఫస్ట్ ఇయర్ హాస్టల్ గుర్తొచ్చింది మేడమ్" అంది. అదే మాట ఇంకొకరికి ప్రశాంతత అని వినిపించేది. ఆమెకు అలా వినిపించలేదు, అది చాలు.

మాగ్డెబర్గ్ రాష్ట్ర రాజధాని, జనాభా రెండు లక్షల నలభై వేల చుట్టూ. యూనివర్సిటీ క్యాంపస్ ఊరి మధ్యకు నడిచి వెళ్ళేంత దగ్గర. అక్కడి మంగళవారాల్లో వంటగది పదేపదే వచ్చింది. హాస్టల్లో ఒకే వంటగది నలుగురైదుగురు వాడతారు, సాయంత్రం ఆరు తర్వాత ఎవరో ఒకరు అక్కడ ఉంటారు. ఒకమ్మాయి ఆ రోజు ఎదురుగా ఏడుగురితో మాట్లాడానని లెక్కపెట్టి చెప్పింది. మన సరుకులు ఊళ్ళోనే దొరుకుతాయి. ప్రాంతీయ రైల్లో బెర్లిన్ రెండు గంటల లోపే.

భద్రత గురించి నేను ఏమీ తగ్గించి చెప్పలేదు. తూర్పు జర్మనీ రాష్ట్రాల్లో వలసలను వ్యతిరేకించే ఎఎఫ్‌డి పార్టీకి గట్టి బలం ఉంది. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో మాగ్డెబర్గ్ ఉన్న రాష్ట్రంలో మొదటి స్థానం దానిదే. ఇది తల్లిదండ్రులకు తెలియాలి. అదే సమయంలో, డిసెంబర్ ఘటన లాంటిది ఏ ఊళ్ళోనైనా జరగొచ్చు, దాన్నిబట్టి ఊరిని కొట్టేయలేం. రోజువారీ సంగతి అక్కడున్నవాళ్ళకే తెలుస్తుంది. అందుకే నాన్నగారిని కూడా ఫోన్ లైన్‌లో పెట్టి, అక్కడున్న ఇద్దరమ్మాయిలతో నేరుగా మాట్లాడించాను. ఒకమ్మాయి ట్రామ్‌లో ఒకసారి ఒక ముసలాయన తన మీద అరిచాడని, పక్కనున్న జర్మన్ ఆవిడ లేచి అడ్డు నిలబడిందని చెప్పింది. శుక్ర, శనివారం రాత్రులు హాసెల్‌బాఖ్‌ప్లాట్స్ కూడలి వైపు ఆలస్యంగా ఒంటరిగా తిరగనంది. లైబ్రరీ నుంచి హాస్టల్‌కు మాత్రం రాత్రి పదకొండింటికి నడిచి వస్తానంది. నాన్నగారు ఆమెను అడిగిన చివరి ప్రశ్న, "మీ నాన్నగారు నిన్ను ఇప్పుడు మళ్ళీ పంపేవారా తల్లీ?" ఆమె వెంటనే చెప్పలేదు. కాసేపు ఆలోచించి, "పంపేవారు అంకుల్, కానీ రోజూ ఫోన్ చేయమనేవారు" అంది. ఆ ఆలస్యమే ఆయనకు నమ్మకం కలిగించిందని తర్వాత చెప్పారు.

మిగిలిన ప్రశ్న ఉద్యోగం. ఇంటెల్ లేని మాగ్డెబర్గ్‌లో చిప్‌ల పని ఏముంది? పెద్దగా లేదు. ఇక్కడే నా ఆలోచన పూర్తిగా మారింది. చదివే ఊళ్ళోనే ఉద్యోగం దొరకాలన్నది హైదరాబాద్, బెంగళూరు అలవాటుతో మనం పెట్టుకున్న షరతు. జర్మనీలో రెండూ వేరుగా ఉండొచ్చు. మూడు సెమిస్టర్లు తక్కువ ఖర్చుతో చదివి, జర్మన్ బీ1 దాటించి, యూనివర్సిటీ ల్యాబుల్లో హివి (విద్యార్థి సహాయకుల) పని సంపాదించి, చివరి థీసిస్ మాత్రం డ్రెస్డెన్‌లోనో ఇంకో చోటో కంపెనీలోనో పరిశోధన సంస్థలోనో చేయొచ్చు. చదువయ్యాక వచ్చే 18 నెలల అనుమతితో దేశంలో ఎక్కడికైనా వెళ్ళి వెతకొచ్చు. ఇవన్నీ ఇప్పటికే ఉన్నవి, ఎవరో ప్రకటించినవి కావు.

2025 మే నెలలో అమ్మాయే నిర్ణయం చెప్పింది. మాగ్డెబర్గ్. ఎందుకో ఒక పేజీలో రాయమన్నాను. ఆ పేజీలో కంపెనీ పేరు ఒక్కటీ లేదు.

తర్వాత జరిగింది

హాస్టల్ గది నవంబర్ నుంచి వచ్చింది. అక్టోబర్ ఒక్క నెలకు వెతుకుతుంటే, ఆన్‌లైన్‌లో ఒక చక్కటి గది 260 యూరోలకు కనిపించింది. యజమాని వేరే దేశంలో ఉన్నానని, అడ్వాన్స్ పంపితే తాళాలు కొరియర్ చేస్తానని రాశాడు. అడ్రస్ రిజిస్ట్రేషన్ కాగితం ఇస్తారా అని అడగమన్నాను. మూడు మెయిళ్ళలోనూ ఆ ప్రశ్నకు తప్ప అన్నిటికీ జవాబిచ్చాడు. వదిలేశాం. ఇంటర్న్‌షిప్‌కు వేరే ఊరు వెళ్తున్న సీనియర్ గదిలో, అసలు యజమాని సంతకంతో, ఆ నెల గడిచింది.

మొదటి రెండు నెలలు బాగానే ఉంది. జనవరి బాగాలేదు. పరీక్షల ముందు ఒక సాయంత్రం నాకు ఫోన్ చేసి, మూడు రోజులుగా గది నుంచి బయటికి రాలేదని చెప్పింది. ఇది దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఊరు ఎంత ఆలోచించి ఎంచుకున్నా ఆ స్వభావం సూట్‌కేసులో కూడా వస్తుంది. తేడా ఏమిటంటే, ఈసారి మేం దానికోసం సిద్ధంగా ఉన్నాం. బయల్దేరే ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకుంది: ఇలా జరిగితే మొదట వంటగది స్నేహితురాలికి చెప్పాలి, తర్వాత విద్యార్థి సేవా సంస్థ స్టూడెంటెన్‌వెర్క్‌లో ఉండే కౌన్సెలింగ్‌కు వెళ్ళాలి. ఆ వారమే వెళ్ళింది. ఒక పరీక్ష తర్వాతి విడతకు వాయిదా వేసుకుంది, మూడు పాసయింది. అమ్మతో ఈసారి నిజం చెప్పింది. "హాస్టల్ తిండి పడలేదు" అనలేదు.

ఈ ఏప్రిల్ నుంచి ఒక ల్యాబ్‌లో వారానికి ఎనిమిది గంటల హివి పని దొరికింది. బ్లాక్డ్ అకౌంట్ మిగులులో నాలుగు నెలల అద్దెకు సరిపడా ఉంది. బీ1 క్లాసు నడుస్తోంది.

నేర్చుకున్నవి

నా పట్టికలో అంకెలు తప్పు కాదు, వాటిని పెట్టిన చోటు తప్పు. అద్దె, ఫీజు లాంటివి కూడికలో కలిపితే వేరే మార్కులు వాటిని మింగేస్తాయి. మ్యూనిక్‌కు పేరు మీద యాభై మార్కులొచ్చినా, డబ్బు చాలకపోతే ఆ యాభైతో అద్దె కట్టలేం. అందుకే డబ్బు, గది ఇప్పుడు నా దగ్గర గోడలు. దాటితేనే మిగతా మాట.

పరిశ్రమల గురించి ఇప్పుడు ఒకటే అడుగుతాను. ఈ రోజు ఆ గేటు లోపల మనుషులు పని చేస్తున్నారా? ప్రకటన, ఒప్పందం, నాయకుల ఫోటో, ఇవేవీ లెక్కలోకి రావు. ఇంటెల్ వ్యవహారంలో ఆ దేశ ప్రభుత్వమే దాదాపు పది బిలియన్లు ఇస్తానన్నాక కూడా ఫ్యాక్టరీ రాలేదు. మన దగ్గర కూడా రాబోయే పరిశ్రమలను చూసి స్థలాలు కొన్నవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

చుట్టాలున్న ఊరు అనేది మా వృత్తిలో అందరూ లాభం వైపే రాస్తారు. పిల్లను విడిగా అడగకుండా అలా రాయకూడదు. కొందరికి అది ఆసరా, కొందరికి కాపలా. ఏదో చెప్పగలిగేది ఆ పిల్ల ఒక్కతే. అందుకని ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబంతో మొదటి గంట అందరితో, రెండో గంట విద్యార్థితో ఒంటరిగా కూర్చుంటున్నాను. ఒకరిద్దరు తండ్రులు దీనికి ఒప్పుకోలేదు. వాళ్ళకు నేను సలహా ఇవ్వలేనని మర్యాదగా చెప్పి పంపేశాను.

ఊరు ఎంచుకున్న కారణం ముఖ్యమెందుకో నాకు ఈ జనవరిలో అర్థమైంది. మొదటి కారణంతోనే వెళ్ళి ఉంటే, ఆ మూడు రోజులూ గదిలో ఉన్నప్పుడు ఆమెకు రాని ఫ్యాక్టరీ, చేసిన అప్పు గుర్తొచ్చేవి. రెండో కారణంతో వెళ్ళింది కాబట్టి వంటగది తలుపు గుర్తొచ్చింది.

థీసిస్ ఎక్కడన్నది ఇంకా తేలలేదు. డ్రెస్డెన్‌లో రెండు చోట్లకు రాస్తోంది, కానీ అక్కడ మళ్ళీ కొత్త గది, కొత్త మనుషులు. వచ్చే నెల ఆ రెండు చోట్ల పని చేస్తున్న ఇద్దరితో మాట్లాడుతుంది. ఏం అడగాలో నేను చెప్పక్కర్లేదు. పోయిన వారం ఇల్మెనౌ వెళ్ళాలా వద్దా అని ఒక కొత్త విద్యార్థి ఆమెకే ఫోన్ చేశాడట. తన నవంబర్ మంగళవారం మొత్తం, ఏడుపుతో సహా, చెప్పానంది.